లేని మనుషులు కనిపిస్తున్నారంటే

పెద్ద వయసులో లేని మనుషులు కనిపించడం, లేని మాటలు వినిపించడం రోగం పేరు కాదు, లక్షణం. జ్వరం వెనుక మలేరియా ఉన్నా ఉండవచ్చు, టైఫాయిడ్ ఉన్నా ఉండవచ్చు. దీని సంగతీ అంతే. మెదక్ జిల్లా చేగుంట, నార్సింగి, రామాయంపేట పల్లెల్లో ఈ లక్షణం మొదలవగానే కొందరు గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు. మరికొందరు పిచ్చి లేచిందని నేరుగా ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు బయలుదేరతారు. అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఎప్పటి నుంచి?

"నిన్న పొద్దటి దాక మంచిగనే ఉండె సార్" అని కొడుకో కోడలో అంటే, వైద్యుడికి అంతకు మించిన ఆధారం లేదు. గంటల్లో, రోజుల్లో మొదలై, రాత్రి ముదిరి, పగలు మగతగా మారే ఈ స్థితి మతిభ్రమ (డెలీరియం). వారాల పేర్లు వెనక నుంచి చెప్పమంటే ఆ మనిషి మధ్యలోనే దారి తప్పుతారు. కారణం చాలాసార్లు మెదడుకు బయటే దొరుకుతుంది: మూత్రంలో ఇన్ఫెక్షన్, న్యుమోనియా, ప్రొస్టేటు వాచి మూత్రం నిలిచిపోవడం, షుగర్ పడిపోవడం, ఎండాకాలంలో ఒంట్లో నీరు తగ్గడం. కొన్ని బీపీ గోలీల వల్ల సోడియం తగ్గినా ఇలాగే అవుతుంది. ముసలివారిలో ఇన్ఫెక్షన్ ఉన్నా జ్వరం రాకపోవచ్చు. కాబట్టి ఒళ్ళు కాలడం లేదని ఊరుకోకూడదు. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

డెబ్బై దాటిన ఒక అవ్వ "గా దూలం మీద పోరలు కూసున్నరు, దిగుమను బిడ్డా" అంటూ దుప్పటి మీద లేని దారాలు ఏరుతూ ఉంటుంది. రక్తపరీక్షలన్నీ బాగుంటాయి. ఆమె మందుల కవర్ బల్ల మీద కుమ్మరిస్తే విషయం బయటపడుతుంది. జలుబుకు ఆర్‌ఎంపీ ఇచ్చిన క్లోర్‌ఫెనిరమిన్, అరికాళ్ళ తిమ్మిర్లకు పట్నంలో రాసిన అమిట్రిప్టిలిన్, మూత్రం ఆగడం లేదని మరొకరు రాసిన ఆక్సిబ్యుటినిన్. ఏ ఒక్కటీ విషం కాదు. కానీ మూడూ మెదడులో అసిటైల్‌కోలిన్ పనికి అడ్డుపడేవే, మూడూ కలిస్తే ముసలి మెదడు తట్టుకోలేదు. ఇలాంటి కేసుల్లో కొత్త మందు రాయడం కంటే పాతవి తీసేయడమే వైద్యం.

మెదక్ ప్రాంతంలో ఇంకో కారణాన్ని ఏ వైద్యుడూ మరచిపోకూడదు: కల్లు. దుకాణాల్లో అమ్మే కల్లులో అల్ప్రాజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారన్నది ఎన్నో దాడుల్లో తేలిన నిజం. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లుపై కట్టడి పెరిగినప్పుడు మెదక్, నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల ఆసుపత్రులు వింతగా ప్రవర్తించేవారితో, ఫిట్స్ వచ్చినవారితో నిండిపోయాయి. వాళ్ళను పడగొట్టింది కల్లు తాగడం కాదు, ఉన్నపళంగా మానాల్సి రావడం. ఇళ్ళలో ఇదే చిన్న ఎత్తున జరుగుతుంది. తుంటి ఎముక విరిగి మంచాన పడ్డ పెద్దాయనకు మూడో రోజు గోడ నిండా చీమలు కనిపిస్తాయి, చేతులు వణుకుతాయి. ఆపరేషన్ వికటించిందని ఇంటివాళ్ళు హడలిపోతారు. రోజూ రెండు సీసాలు తాగేవాడన్న మాట సిగ్గుతో దాచిపెడతారు. ఆ సిగ్గు ప్రాణం తీయగలదు. కల్లు సంగతి తెలిస్తే తగిన మందు ఇచ్చి, దాన్ని మెల్లగా తగ్గిస్తూ, బి1 విటమిన్ సూదులు వేసి మనిషిని నిలబెట్టవచ్చు.

తెలివి నిలకడగా ఉండి, చూపు తగ్గినవారికి బొమ్మలు మాత్రమే కనిపిస్తే దారి వేరు. స్విస్ పండితుడు చార్లెస్ బానెట్ 1760లో తన తాతకు ఇలా జరగడం గురించి రాశాడు. ఆ తాత కళ్ళకు శుక్లాలు. చూపు అందని మెదడు తానే బొమ్మలు కల్పించుకుంటుంది. అవి నిజం కావని ఈ రోగులకు తెలుసు, పిచ్చివాళ్ళంటారని భయపడి చెప్పరు. ప్రభుత్వ కంటి పరీక్షల పథకం కంటివెలుగు 2018 ఆగస్టు 15న ఈ జిల్లాలోని మల్కాపూర్‌లోనే మొదలైంది. అయినా పొర కమ్మిన కళ్ళతో కాలం వెళ్ళదీసే పెద్దలు ఇంకా ఉన్నారు.

నెలల తరబడి పిల్లలు, కుక్కలు, కోళ్ళు స్పష్టంగా కనిపిస్తూ, నడక మందగించి, తెలివి ఒకరోజు బాగుండి మరురోజు తప్పుతుంటే లెవీ బాడీ డిమెన్షియాను అనుమానించాలి. జర్మన్ వైద్యుడు ఫ్రెడరిక్ లెవీ 1912లో వర్ణించిన ముద్దలు ఇందులో మెదడు కణాల్లో పేరుకుంటాయి. నిద్రలో కలవరిస్తూ కాళ్ళు చేతులు విసరడం ఏళ్ళ ముందే మొదలై ఉండవచ్చు. అరుపులు ఆపాలని హాలోపెరిడాల్ సూది వేస్తే కొందరు కొయ్యబారిపోతారు, గుటక కూడా పడదు. ఈ అనుమానం ఉన్నప్పుడు ఆ సూది వద్దని ఇంటివాళ్ళే ముందుగా డాక్టరుకు చెప్పడం మంచిది. రివాస్టిగ్మిన్ చాలామందికి కొంత మేలు చేస్తుంది.

చనిపోయిన భర్త గుమ్మంలో నిలబడ్డాడనే ముసలమ్మకు పైవేవీ లేకపోతే మందు అక్కర్లేదు. వేల్స్ వైద్యుడు డ్యూయీ రీస్ 1971లో ప్రచురించిన పరిశీలనలో తోడు పోయినవారిలో దాదాపు సగం మందికి ఏదో ఒక రూపంలో ఇలాంటి అనుభవం ఉంది.

ఇంట్లో వాదన పనికిరాదు. "అక్కడెవరూ లేరు" అని గద్దించినా, "అవును, ఉన్నారు" అని తలూపినా కంగారు పెరుగుతుంది. "నాకు కనపడతలేరు గని, నీ పక్కనే ఉన్న" అంటే చాలు. గదిలో లైటు వేసి, కళ్ళద్దాలు పెట్టి, అద్దానికి గుడ్డ కప్పాలి. ఎటు వెళ్ళాలో తోచకపోతే 2022లో మొదలైన టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు. ఆసుపత్రికి వచ్చేటప్పుడు మందుల కవర్ మొత్తం వెంట తేవాలి, కల్లు సంగతి దాచకుండా చెప్పాలి.