వేడెక్కిన బండి

మా యింట ఒక పాత అంబాసిడరు కారు కలదు. 2014లో ఆ కార్ల తయారీ నిలిచిపోయినను, మా బండి నేటికిని నడచుచున్నది.

ఇంజనులో పుట్టిన వేడిని నీరు గ్రహించి, ముందుభాగముననున్న రేడియేటరునకు చేర్చును. అచ్చటి సన్నని గొట్టములపై గాలి వీచి ఆ నీటిని చల్లార్చును. ఈ నీటి రాకపోకలకు అడ్డు కలిగినచో ఇంజనుకు జ్వరము వచ్చినట్లే.

ఒక వేసవిలో మేము శ్రీశైలమునకు పోవుచుండగా, దోర్నాల దాటిన పిమ్మట ఘాటు రోడ్డులో బండి ముందునుండి ఆవిరి వెలువడసాగెను. బండి నిలిపి దిగితిమి. పదేండ్ల నా మనుమడు రేడియేటరు మూత త్రిప్పబోయెను. నేను వాని చేయి పట్టి వెనుకకు లాగితిని.

నీరు 100 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మరగును. కాని బిగించిన మూత క్రింద ఒత్తిడి హెచ్చుటచే, అంతకు మించి వేడెక్కియు నీరుగనే యుండును. మూత తీసినంతనే అది ఆవిరియై పైకి చిమ్మి ముఖమును కాల్చివేయును.

“తాతయ్యా, చల్లని నీళ్లు పోయరాదా?” అని వాడడిగెను.

“ఇప్పుడు పోసినచో కాలిన ఇనుము పగులవచ్చును నాయనా!” అంటిని.

గంటసేపు వేచి, దళసరి గుడ్డతో మూతను మెల్లగా విప్పి, నీరు నింపి కదలితిమి.

ఊరు చేరిన పిదప మెకానిక్కు రేడియేటరును విప్పి చూపెను. వెనుకటి యజమాని పోసిన బోరునీటిలోని సున్నము, నీళ్లకాగు అడుగున వలె, గొట్టములలో పెచ్చు కట్టియుండెను. అతడు దానిని శుభ్రపరచి, ఫ్యాను బెల్టు బిగించి, స్వేదనజలముతో కూలెంటును కలిపి నింపెను. నాటినుండి బండి వేడెక్కలేదు.

బాలలారా! యంత్రమైనను, మనుష్యుడైనను ఉడికియున్నపుడు తొందరపడరాదు. ముందు చల్లారనిండు, పిమ్మట కారణము వెదకుడు.