సంచి కొలత

ఎదుగు బిడ్డకు చొక్కా కొంత వదులుగా కుట్టించుట మన యిండ్లలోని పాత వాడుక. రెండేండ్లు వచ్చునని తండ్రి సంతోషించును; బిడ్డకును కీడు లేదు. ఈ లెక్కనే పుస్తకముల సంచికిని పట్టించుట తగదు. చొక్కాను బిడ్డ తొడుగుకొనును, సంచిని మోయును.

బడులు తెఱచు జూన్ మాసమున మా రెడ్డిగూడెమునుండి మైలవరమునకో నూజివీటికో పోయి సంచులు కొనువారు పెక్కండ్రు. ఆ సంచులపై ఇన్ని లీటర్లని వ్రాసియుండును. సంచిలో నీరు పోయుదురా యని కొందఱు నవ్వుదురు గాని, ఇది మన కుంచము వంటి కొలతయే. కుంచెడు బియ్యమును, కుంచెడు తవుడును ఒకే చోటు నాక్రమించును; తూచినచో ఎంతయో భేదము. లీటరును అట్లే పట్టుదల చెప్పును, బరువు చెప్పదు.

లెక్క సులభము. పొడవు, వెడల్పు, లోతు సెంటీమీటర్లలో కొలిచి, మూడింటిని గుణించి, 1000చే భాగింపవలెను. 40 పొడవు, 30 వెడల్పు, 15 లోతు గల సంచి 18 లీటర్లు పట్టును. మూలలు గుండ్రనైనచో కొంత తగ్గును. అయితే అన్ని 18 లీటర్ల సంచులును ఒక్కటి కావు. లోతు హెచ్చినకొలది బరువు వీపునకు దూరమై వెనుకకు లాగును. పిల్లవాడు ముందుకు వంగి నడచును.

కావున ముందు కొలువవలసినది సంచిని గాదు, వీపును. మెడ వంచినపుడు పైకి తేలు ఎముక మొదలు నడుమున ఇరుప్రక్కల చేతికి తగులు ఎముకల యెత్తువఱకు టేపు పట్టి చూడుడు. సంచి యా పొడవునకు తగియుండవలెను, వీపుకంటె వెడల్పు కారాదు, పిఱుదులపై వ్రేలాడరాదు. అంగడికి కొనిపోవు గుడ్డసంచికిని కొలత కలదు. చదునుగా పఱచినపుడున్న వెడల్పు, నిండి అడుగు విచ్చినపుడు నిలువదు. పిడికిని సంచినోటికిని నడుమ చేయి దూరు నెడము లేనిది భుజమునకు పనికిరాదు.

2020లో కేంద్ర విద్యాశాఖ ప్రకటించిన బడిసంచి విధానము, సంచి బరువు బిడ్డ బరువులో పదవవంతు మించరాదని చెప్పినది. 20 కిలోల బిడ్డకు 2 కిలోలు. వట్టి సంచియే ముప్పాతిక కిలో తూగినచో పుస్తకములకు మిగులునది కిలోంబాతిక మాత్రమే. 1989లో రాజ్యసభయందు ఆర్. కె. నారాయణ్ గారు ఈ భారమును గూర్చియే మాటాడిరి. 1993 నాటి యశపాల్ సంఘము, మోతకంటె అర్థముగాని చదువే పెద్ద బరువనెను. ఆ రెండవ బరువును దింపుట ఉపాధ్యాయుల పని. మొదటిదానికి ఇంటివారును పూనుకొనవలెను.

ఖాళీ కనబడిన నింపుట మనుష్యస్వభావము. పెద్దసంచి యిచ్చి తక్కువ మోయుమనుట వ్యర్థము. మా తోటలవారు బంగినపల్లి కాయను రాశిగా పోసి పంపరు. అడుగుకాయ నలుగునని చిన్న పెట్టెలలో సర్దుదురు. కాయకు చూపు నీ జాగ్రత్త బిడ్డకు చూపరాదా? సంచి కొనబోవునపుడు బిడ్డను వెంట గొనిపోయి, రెండు పట్టీలును తగిలించి, నాలుగడుగులు నడపించి చూడుడు. మఱుసటి యేటికి చాలదేమో యను చింత మఱుసటి యేటిదే.