వేషము కట్టిన యంత్రము

పాత వస్తువును దాచుటకు పెట్టె చాలును. పాత పద్ధతిని దాచుటకు పెట్టె చాలదు.

1978 ఫిబ్రవరి 16వ తేదీన అమెరికాలోని చికాగో నగరమున వార్డ్ క్రిస్టెన్సెన్, రాండీ స్యూస్ అను మిత్రు లిరువురు కంప్యూటరు 'బులెటిన్ బోర్డు'ను మొట్టమొదట తెఱచిరి. అది జాబుల రచ్చబండ వంటిది. టెలిఫోను తీగ యొక్కటే గనుక, ఒకరు చదివి, వ్రాసి లేచినగాని మఱియొకరికి చోటు లేదు.

అట్టి పాత ప్రోగ్రామును మావారు తమ బడిపిల్లలకు చూపుటకై చేజర్లలోని మా యింట నడుపుచున్నారు. 'డాస్‌బాక్సు' అను ఎమ్యులేటరు నేటి యంత్రముచే నాటి యంత్రపు వేషము కట్టించును. మోడెము సైతము వేషమే. ప్రోగ్రాము నంబరు త్రిప్పుమని యాజ్ఞాపించును. ఎమ్యులేటరు ఆ పిలుపును ఇంటర్నెట్టులోని చిరునామాకు చేర్చి 'కనెక్టు' అని బదులు చెప్పును. పాపము, ప్రోగ్రాము తాను టెలిఫోనుతోనే మాటాడుచున్నానని నమ్మును!

అందు తెలుగున నొక జాబు వ్రాయగోరితిని, వీలుపడలేదు. నాటి ఆస్కీ పట్టికలోని సంకేతములు 128. వానిలో మన ఓనమాలకు చోటు లేదు. 1991లో వెలువడిన యూనికోడున తెలుగునకు స్థానము కలిగినను, అటుపిమ్మట చాలకాలము విదేశములందలి మనవారు ఇంగ్లీషు అక్షరములతోనే తెలుగు జాబులు వ్రాసికొనిరి.

"దీనిని దిద్ది తెలుగు చేర్చిన పిల్లలకు సులువగును గదా!" యని మావా రనిరి. నేను సమ్మతింపలేదు. తాటాకు గ్రంథమును చూచి వ్రాయువాడు తనకు నచ్చని పాఠమును మార్చెనేని అది ప్రతి యనిపించుకొనదు. కొఱతను గూడ కాపాడినపుడే పాతది నిలిచినట్లు. ఆ లేమిని కన్నులార చూచిన బిడ్డకే, నేడు ఫోనులో "అమ్మ" యని వ్రాయగలుగుట యెంతటి కలిమియో తెలియును.