మేడమీది గది

ఆషాఢ పౌర్ణమి ముందురోజు రాత్రి గోపాలపట్నం నిద్రపోదు. సింహాచలం తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరిన భక్తులు హనుమంతవాక, అప్పుఘర్‌, మాధవధార మీదుగా కొండచుట్టూ 32 కిలోమీటర్లు నడుస్తారు. ఇక్కడికి చేరేసరికి నడక ఇంచుమించు చివరికొచ్చినట్టే. కాళ్లు మాత్రం ఎప్పుడో మొరాయించి ఉంటాయి. 'కాసేపు కూర్చోవచ్చా అమ్మా?' అని అడిగితే కాదనే గుమ్మం ఉండదు.

2019లో మా మేనత్త అరుగు మీద అలా కూర్చున్న ఓ శ్రీకాకుళం ఆవిడ, మజ్జిగ తాగుతూ మేడమీదికి చూసింది. 'ఆ గది ఖాళీయేనా? మావాడికి ఇక్కడే అప్రెంటిస్‌ వచ్చింది' అంది. అంతే, టులెట్‌ బోర్డు పెట్టకుండానే అత్త ఇంటి ఓనరైపోయింది!

ఈ ఊళ్లో గదికి గిరాకీ ఎప్పుడూ ఉంటుంది. పేరుకు సింహాచలం రైల్వేస్టేషనే గానీ అది ఉన్నది గోపాలపట్నంలో. ఎన్‌ఏడీ కూడలి దాటితే అటు గాజువాక, స్టీల్‌ప్లాంటు వైపు, ఇటు నగరంలోకి. ఉద్యోగాలకొచ్చేవాళ్లు, చదువులకొచ్చేవాళ్లు, అప్పన్న దర్శనానికి వచ్చి రెండ్రోజులు ఉందామనుకునేవాళ్లు... అందరికీ ఓ మంచం కావాలి. పిల్లలు హైదరాబాదో అమెరికానో వెళ్లిపోయిన ఇళ్లలో ఓ గది ఖాళీగా ఉంటుంది. మరి ఇవ్వొచ్చా?

ఇవ్వొచ్చు. కాకపోతే ఉన్నదున్నట్టు చెప్పి ఇవ్వాలి. 'వైజాగ్‌' అనగానే వచ్చేవాళ్లు కిటికీలోంచి సముద్రం కనిపిస్తుందనుకుంటారు. ఇక్కణ్నుంచి బీచ్‌ పది కిలోమీటర్లకు పైనే. పట్టాల పక్క ఇల్లయితే కిరండూల్‌ నుంచి ముడి ఇనుము మోసుకొచ్చే గూడ్సులు అర్ధరాత్రి మంచాన్ని కూడా కదిలిస్తాయి. ముందే చెబితే వచ్చినవాడు నవ్వి ఊరుకుంటాడు, చెప్పకపోతే తెల్లారేసరికి సంచి సర్దుకుంటాడు.

అత్త మొదటి నెలలో చేసిన పొరపాటు కరెంటుది. 'అంతా కలిపే' అంది. ఎండాకాలం కుర్రాడు కూలరు కొన్నాడు. బిల్లు చూశాక మా మావయ్య రెండ్రోజులు మాట్లాడలేదు. ఇప్పుడు గదికి విడిగా సబ్‌మీటరుంది. నీళ్లూ అంతే. మోటారు ఎప్పుడు వేస్తారు, బట్టలు ఎక్కడ ఆరేయాలి, వంట చేసుకోవచ్చా, చేపల కూర వండితే ఇంట్లోవాళ్లకు అభ్యంతరమా, స్నేహితులు వస్తే ఎన్నింటిదాకా... ఇవన్నీ మొదటిరోజే అనేయాలి. మొహమాటపడి ఊరుకుంటే ఆర్నెల్ల తర్వాత ఓ బకెట్టు దగ్గర పెద్ద గొడవవుతుంది.

గుర్తింపుకార్డు నకలు, అడ్వాన్సుకు రసీదు, కాగితం మీద ఒప్పందం... ఇవి తెలిసినవాళ్లబ్బాయైనా తప్పవు. విదేశీయుడు దిగితే ఆ వివరాలు 24 గంటల్లో అధికారులకు తెలపాల్సిందే. రోజుల లెక్కన పర్యటకులకు ఇద్దామనుకుంటే కేంద్ర పర్యటకశాఖకు బెడ్‌ అండ్‌ బ్రేక్‌ఫాస్ట్‌ పథకం ఒకటుంది. ఒకటి నుంచి ఆరు గదుల వరకూ నమోదు చేసుకోవచ్చు. షరతేంటంటే, యజమాని కుటుంబం అదే ఇంట్లో ఉండాలి. చందనోత్సవానికి, అంటే అప్పన్న నిజరూపం ఏడాదికొక్కసారి కనిపించే అక్షయ తదియకు, ఇంత రేటని నోటికొచ్చింది చెప్పేవాళ్లూ లేకపోలేదు. నాకైతే అది నచ్చదు. అత్తకూ నచ్చదు, అందుకే మావయ్యకు బేరం అప్పగించదు.

2020 మే 7 తెల్లవారుజామున పక్కనే ఉన్న ఆర్‌.ఆర్‌. వెంకటాపురంలో ఓ కర్మాగారం నుంచి స్టైరిన్‌ ఆవిరి ఊరి మీదికొచ్చింది. పన్నెండుమంది ప్రాణాలు పోయాయి. చీకట్లో జనం పిల్లల్ని ఎత్తుకుని ఎటు దారుంటే అటు పరుగెత్తారు. అత్తావాళ్లూ పరుగెత్తారు. వీధి చివర మలుపు తిరిగాక అత్త ఆగిపోయింది... మేడమీద కుర్రాడు!

లాక్‌డౌన్‌ రోజులు, ఊరెళ్లలేక గదిలోనే ఉన్నాడు. లోపల గడియ. మావయ్య ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని వెనక్కివెళ్లి తలుపు బాదాడు. కూలరు హోరులో ఎంతకీ వినబడదే! ఫోను చేద్దామంటే నంబరు ఇంట్లో డైరీలో ఉంది. చివరికి కిటికీ అద్దం పగలగొట్టి లేపారు. ముగ్గురూ పెందుర్తి వైపు నడుస్తుంటే తెల్లారింది. వాళ్లమ్మ ఫోను చేసేసరికి కుర్రాడు మాట్లాడగలిగాడు.

ఆ గది లోపలి గడియ తీయించి, బయటినుంచి కూడా తాళంచెవితో తెరుచుకునే తాళం పెట్టించారు. రెండో చెవి కింద మెట్ల దగ్గర మేకుకు వేలాడుతుంటుంది. దాని పక్కనే గోడమీద సుద్దతో గదిలో ఉండేవాళ్ల ఫోను నంబరు, వాళ్లింటి నంబరు. కొత్తవాళ్లు దిగినప్పుడల్లా పాతవి తుడిచి అత్తే స్వయంగా రాస్తుంది. అద్దె సంగతి ఆ తర్వాతే ఎత్తుతుంది.