పార్క్ స్ట్రీట్‌లో ఇరవై ఒకటో ఏడు

కలకత్తాలో చీకటి పడిన తరువాతనే కళ్ళు తెరిచే వీధి పార్క్ స్ట్రీట్. 2004లో దీనికి మదర్ థెరిసా సరణి అని నామకరణం చేసినా, జనం నోట పాత పేరే నిలిచింది. 1969లో ఉషా ఉథుప్ పట్టుచీర కట్టి ట్రింకాస్ వేదికపై పాశ్చాత్య గీతాలు పాడడం ఆనాటి వింత. నేటి యువతరాన్ని ఆకర్షించేవి హోటళ్ళలోని నైట్ క్లబ్బులు.

పశ్చిమ బెంగాల్‌లో మద్యం పుచ్చుకొనడానికి 21 ఏళ్ళు నిండాలి. ఆంధ్ర, తెలంగాణలలోనూ అంతే. 18 ఏళ్ళకు ఓటు వస్తుంది, ఆడపిల్లకు వివాహార్హత వస్తుంది. తన పెళ్ళివిందులో గ్లాసు అందుకొనే అర్హత మాత్రం మరి మూడేళ్ళకుగాని రాదు! అయితే సామాన్య విద్యార్థిని నిలిపి గుర్తింపు కార్డు అడిగే కావలివాడు, వెండితెరపై చూసిన ముఖాన్ని అడగడానికి జంకుతాడు. ఆ ముఖం లోపల ఉంటే మరి పదిమంది వస్తారని యజమాని ఆశ.

18 ఏళ్ళ లోపువారికి మద్యమిచ్చిన వారికి 2015 నాటి బాలల న్యాయచట్టం ఏడేళ్ళ వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా విధిస్తుంది. కాని ఇచ్చినది ఎవరో రుజువు కావాలి. బిల్లు వయసు వచ్చిన స్నేహితుడి పేర ఉంటుంది. సాక్షులు అదే బల్లవద్ద కూర్చున్నవారు. బాలుని పేరు వెల్లడించరాదన్న నిబంధన న్యాయమైనదే, అయినా దాని నీడలో పెద్దల పరువు కూడా భద్రంగా దాగుతుంది. ఇక ప్రభుత్వం సంగతి: 2017 నుండి మద్యం టోకు వ్యాపారం ప్రభుత్వ సంస్థ చేతిలోనే ఉంది, ఎక్సైజు రాబడి ఏటా పదివేల కోట్ల రూపాయలకు మించినది. కంచెకే చేనుమీద ఆశ ఉన్నప్పుడు కాపలా ఎంత గట్టిగా ఉంటుంది?

ఇది నైట్ క్లబ్బులతో పుట్టిన అలవాటు కాదు. 1840 దశకంలో హిందూ కళాశాల విద్యార్థి రాజనారాయణ బసు మిత్రులతో గోల్‌దీఘీ చెరువు గట్టున బ్రాందీ తాగేవాడు. గేటు చుట్టూ తిరిగివెళ్ళే ఓపిక లేక, కమ్మీలు దూకి కబాబులు తెచ్చుకొనేవారట! తండ్రికి తెలిసింది. ఆయన కొట్టలేదు, తన ఎదుటనే, కొద్దిగా మాత్రమే తాగమన్నాడు. కుర్రవాడు జబ్బుపడి చదువు మానుకున్నాడు. తరువాత మిడ్నపూర్‌లో ప్రధానోపాధ్యాయుడై, మద్యపాన నివారణకు సంఘం పెట్టాడు.

2024 మేలో పుణేలో పబ్బులనుండి వచ్చిన 17 ఏళ్ళ బాలుడు కారుతో ఇద్దరిని చంపితే, మొదట 300 మాటల వ్యాసం వ్రాయాలన్న షరతుపై బెయిలు దొరికింది. రక్తపు నమూనా మార్చారన్న ఆరోపణపై వైద్యులే అరెస్టయ్యారు.

కలకత్తాకూ అటువంటి గాయం ఉంది. 2016 జూలైలో, సంపన్నులుండే బాలీగంజ్‌లోని ఒక నివాస భవనంలో, పిల్లల పుట్టినరోజు వేడుకకు వచ్చిన 17 ఏళ్ళ బాలుడు పగిలిన సీసా గాయంతో నెత్తురోడి మరణించాడు. ప్రమాదమా, హత్యా అన్న వాదంలో నగరం చాలాకాలం మునిగిపోయింది. అది మద్యం సీసా.