వాగు తీసేదాకా

బళ్లారిలో ఒక తెలుగు మాస్టారు ఉండేవారు. ముప్ఫై రెండేళ్లు బడిలో తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకున్నారు. పద్యపాఠంలో జలపాతం వచ్చిందంటే ఆయనకు పండుగే. కొండ కొమ్మునుంచి నీరు దూకే తీరు, తుంపర పొగలా లేచే తీరు, ఆ హోరు చెవుల్లో గింగురుమనే తీరు చేతులు తిప్పుతూ చెబుతుంటే పిల్లలు నోళ్లు తెరుచుకొని వినేవారు. ఒకసారి వెనుక బల్లమీది కుర్రవాడు లేచి, "మీరు చూసినారా సార్?" అని అడిగాడు.

"చూడకేం!" అన్నారు మాస్టారు.

అది అబద్ధం. మాచర్ల దగ్గర చంద్రవంక వాగుమీద ఉన్న ఎత్తిపోతలకు రెండుసార్లు బయలుదేరి రెండుసార్లూ ఏదో పని అడ్డం వచ్చి ఆగిపోయారు. కర్ణాటకలోనే పుట్టి పెరిగినా జోగ్ జలపాతాన్ని క్యాలెండరు బొమ్మలో చూడటమే. కుర్రవాడు అడిగింది మంచి ప్రశ్నే. జవాబే బాగాలేదు. ఆ సంగతి మాస్టారికి తెలుసు. తెలిసి కూడా ఏళ్ల తరబడి దాన్ని సరిదిద్దుకోలేదు.

అరవై ఎనిమిదో ఏట, దసరా సెలవుల్లో, తొమ్మిదో తరగతి చదివే మనుమరాలిని వెంటబెట్టుకొని ఆగుంబెకు బయలుదేరారు. మోకాళ్ల నొప్పులతో కొండలెక్కడమేమిటని ఇంట్లో అవ్వ రెండు రోజులు సణిగింది. చివరికి అటుకులు, బెల్లం, వేయించిన శనక్కాయలు మూటగట్టి ఇచ్చి, "పిల్ల జాగ్రత్త" అంది. మాస్టారి జాగ్రత్త సంగతి ఆమె ఎత్తలేదు.

శివమొగ్గ దాటిన తరువాత దారి పొడుగునా పచ్చదనమే. తీర్థహళ్లిలో బస్సు మారడానికి గంట వ్యవధి ఉంటే ఇద్దరూ తుంగ ఒడ్డుకు వెళ్లారు. నల్లని బండల నడుమ నీరు తేటగా పారుతోంది. "ఈ నీళ్లేనమ్మా మన ఊరికి వచ్చేవి" అన్నారు మాస్టారు. తుంగ ఇక్కడినుంచి శివమొగ్గ మీదుగా పోయి కూడ్లి దగ్గర భద్రతో కలుస్తుంది. అక్కడినుంచి తుంగభద్ర అయి హొసపేట దగ్గర జలాశయంలో చేరుతుంది. 1953లో పూర్తయిన ఆ ఆనకట్టనుంచే బళ్లారి పొలాలకు కాలువ వస్తుంది. పిల్ల ఈ సంగతులు పుస్తకంలో చదివే ఉంది. అయినా ఒక మర్రి ఆకు కోసి, దానిమీద పెన్నుతో తన పేరు మొదటి అక్షరం రాసి నీళ్లలో వదిలింది.

ఆగుంబె చిన్న ఊరు. పెంకుటిళ్లు, పొడవాటి అరుగులు, ఒక బస్‌స్టాండు. ఆర్.కె. నారాయణ్ కథలను శంకర్ నాగ్ దూరదర్శన్ కోసం 'మాల్గుడి డేస్'గా తీసినప్పుడు ఈ ఊరినే మాల్గుడిగా చూపించాడు. సినిమాకు పనికివచ్చే ఊరే గాని, బట్టలారేసుకోవడానికి పనికివచ్చే ఊరు కాదు. ఏడాదికి సగటున 7,600 మిల్లీమీటర్ల వాన కురుస్తుందిక్కడ. బళ్లారిలో దానిలో పదో వంతు కూడా కురవదు. అరేబియా సముద్రం మీదినుంచి వచ్చే తడిగాలి పడమటి కనుమల గోడను ఢీకొని పైకి లేస్తుంది, పైన చల్లబడి వానై దిగుతుంది. ఆగుంబె సరిగ్గా ఆ గోడ అంచున ఉంది. తూర్పువైపు వాలిన నీరు తుంగలోకి పోయి ఆంధ్ర, తెలంగాణల దాకా వెళ్లి, కృష్ణతో కలిసి బంగాళాఖాతం చేరుతుంది. పడమటివైపు వాలింది సీతానదిలో పడి ఉడుపి జిల్లా గుండా అరేబియా సముద్రానికే తిరిగిపోతుంది.

మాస్టారి పాత శిష్యుడొకడు అక్కడ బడిపంతులు. అతని ఇంట్లోనే బస. మొదటిరోజు ఊరికి దగ్గరలోని జోగిగుండి చూశారు. అది చిన్న జలపాతం. కింద లోతైన మడుగు. మాస్టారు దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఆయన మనసంతా బర్కణ మీద ఉంది. సీతానది సుమారు 850 అడుగుల ఎత్తునుంచి లోయలోకి దూకే చోటది. అడవిలోకి అటవీశాఖ అనుమతి లేనిదే వెళ్లకూడదు. శిష్యుడు ముందే అనుమతి తీసుకొని, దారి చూపడానికి ఒక మలెనాడు మనిషిని కూడా కుదిర్చిపెట్టాడు. నలభై ఏళ్లుంటాయి. మాట తక్కువ. మాస్టారిని "మేష్ట్రే" అని పిలిచేవాడు. మాస్టారు కన్నడం తెలుగంత బాగా మాట్లాడతారు కనుక ఇబ్బంది లేకపోయింది.

మరునాడు పొద్దున్నే ఎనిమిదింటికి అడవిలో అడుగుపెట్టారు. బయట ఎండ ఉంది. లోపల లేదు. చెట్లు ఒకదానిపై ఒకటి మూడు నాలుగు అంతస్తులుగా పెరిగి ఆకాశాన్ని మూసేశాయి. పెద్ద చెట్ల మొదళ్లలో వేళ్లు గోడల్లా లేచి నిలబడ్డాయి. ఒక్కొక్క గోడ చాటున పిల్ల నిలబడితే కనబడదు. ఇక్కడ నేలమీద మట్టి పొర పలుచన. వేళ్లు లోతుకు దిగలేవు. అంత ఎత్తు మాను పడిపోకుండా ఆ వేళ్ల గోడలే ఆనుకట్టు. ఆకుల కొసలు సన్నగా తోకల్లా సాగి ఉన్నాయి. వాన ఆగీ ఆగకముందే నీరు ఆ కొసగుండా జారిపోయి ఆకు ఆరుతుంది. మాస్టారు ఒక్కొక్కటీ ఆగి చూస్తూ, తాకుతూ నడిచారు. ఇంతకాలం 'కారడవి' అన్న మాటకు అర్థం చెప్పాను గాని అడవిని చెప్పలేదని ఆయనకు అనిపించి ఉండాలి, ఏమీ మాట్లాడలేదు.

కాలికింద నేల మెత్తగా కుంగుతోంది. రాలిన ఆకులు పొరలు పొరలుగా కుళ్లి, తడిసిన దూదిలా వానను పీల్చుకొని, నెలల తరబడి కొంచెం కొంచెంగా వదులుతాయి. వానలు వెనుకబట్టిన తరువాత కూడా ఇక్కడి వాగులు పారడం వాటి చలవే. చెట్లు కొట్టేసిన కొండమీద ఈ ఏర్పాటు ఉండదు. నీరంతా ఒక్కపూటలో మట్టితోసహా దిగిపోతుంది. ఈ అడవి విలువ గుర్తించే 2012లో పడమటి కనుమల్లోని 39 చోట్లను ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చారు. ఆగుంబె అడవి వాటిలో ఒకటి.

జలగల సంగతి చెప్పకపోతే ఈ అడవిని గురించి చెప్పినట్టే కాదు. ఆకుల కొసన నిలబడి దారంలా ఊగుతూ, మనిషి అడుగుల అదురునూ ఊపిరి వెచ్చదనాన్నీ పసిగట్టి కాలికి పాకుతాయి. మొదటి జలగను చూసి పిల్ల కేకపెట్టింది. పదో జలగ వచ్చేసరికి తానే తీసుకోవడం నేర్చింది. దారి చూపే మనిషి కర్ర కొసకు ఉప్పుమూట కట్టి తెచ్చాడు. దాన్ని తాకిస్తే చాలు, పట్టు వదిలేస్తాయి. ఒకచోట అతను చెయ్యెత్తి ఆపి, చాలా ఎత్తులో కొమ్మల మీద కదులుతున్న నల్లని కోతుల్ని చూపించాడు. ముఖం చుట్టూ నెరిసిన జూలు, తోక చివర కుచ్చు. సింగళీకాలు. "రాచనాగు కూడా కనబడుతుందా?" అని పిల్ల అడిగింది. ఆకులు పోగుచేసి గూడు కట్టి గుడ్లు పెట్టే పాము అదొక్కటేనని ఎక్కడో చదివింది. "మనకు కనబడదు. దానికి మనం కనబడే ఉంటాం" అన్నాడతను.

దారిలో ఒక పిల్లవాగు అడ్డం వచ్చింది. నీరు చీలమండలు దాటలేదు. రాళ్ల మీద అడుగులు వేసి సులువుగా దాటారు. దాటిన తరువాత అతను ఒక్క క్షణం ఆగి వాగు ఎగువకు చూశాడు. "మధ్యాహ్నం పన్నెండుకల్లా వెనక్కి తిరగాల మేష్ట్రే. ఈ నెలలో మాపటిపూట వాన వస్తుంది" అన్నాడు.

పదకొండు గంటలకు కొండ అంచుకు చేరారు. ఎదురుగా లోయ ఉండాలి, లోయకవతల జలపాతం ఉండాలి. ఉన్నది తెల్లని మంచు మాత్రమే. హోరు మాత్రం వినబడుతోంది. చెవులతో కాక పొట్టతో వింటున్నట్టుందని పిల్ల అంది. మాస్టారు ఒక బండమీద కూర్చున్నారు. పన్నెండయింది. అతను లేచాడు. "ఇంకొక పదినిమిషాలు" అన్నారు మాస్టారు. పన్నెండున్నరకూ ఆ మాటే. ఒంటిగంటకు దూరంగా ఉరుము వినబడితే అతను ముఖం చిట్లించి, "పోదాం మేష్ట్రే" అన్నాడు గట్టిగా. "నాయనా, నేను మళ్లీ రాలేను" అన్నారు మాస్టారు. ఆ మాటకు అతను ఎదురు చెప్పలేకపోయాడు.

ఒకటిన్నరకు గాలి మళ్లింది. మంచు తెర పక్కకు జరిగినట్టు జరిగింది. లోయకవతల పచ్చని కొండగోడ మీదినుంచి తెల్లని నీరు దిగుతోంది. దూకుతున్నట్టు లేదు. అంత దూరంనుంచి చూస్తే మెల్లగా, తొందరేమీ లేనట్టు, దిగుతున్నట్టే ఉంది. ఇన్నేళ్లూ మాస్టారు చేతులు తిప్పి చెప్పింది ఇది కాదు. రెండు నిమిషాలుందేమో. మళ్లీ మంచు కమ్మింది. మాస్టారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. తడిసింది అద్దాలో కళ్లో పిల్ల అడగలేదు.

తిరుగుదారిలో వాగు చప్పుడు కనబడకముందే వినబడింది. పొద్దున రాళ్లమీద దాటిన వాగు ఎర్రగా, నిండుగా, ఆకులూ పుల్లలూ మోసుకొని పారుతోంది. ఇక్కడ చినుకు పడలేదు; ఎగువన ఎక్కడో కురిసింది. "మోకాలి లోతుకు మించదు. తుంగభద్రలో ఈత కొట్టినవాణ్ని" అంటూ మాస్టారు చేతికర్ర ఊతగా ముందుకు అడుగేశారు. రెండో అడుగులో కాలికింది రాయి కదిలింది. అతను వెనుకనుంచి చొక్కా పట్టి గుంజకపోతే ఆ వాక్యం అక్కడితో ఆగిపోయేది. కర్ర మాత్రం చేతినుంచి జారి, ఒక్కసారి నిలువుగా లేచి, మలుపులో మాయమైంది.

"లోతు చూడకూడదు మేష్ట్రే, వడి చూడాల" అన్నాడతను. కోపం లేదు గొంతులో. ఒక పుల్ల విరిచి, కత్తితో మూడు గాట్లు పెట్టి, నీటి అంచున గుచ్చాడు. పై గాటు నీళ్లలో మునిగింది. "అడుగు గాటు బయటపడేదాకా ఇక్కడే. ఈ వాగు ఎక్కడానికి అరగంట, తీయడానికి నాలుగు గంటలు."

ముగ్గురూ గట్టున కూర్చున్నారు. అవ్వ కట్టిన మూట విప్పారు. పిల్ల అటుకులు నములుతూ పుల్లవైపే చూస్తోంది. సాయంత్రమైంది. కీచురాళ్లు మొదలయ్యాయి. అడవిలో చీకటి పైనుంచి దిగదు, కింద చెట్ల మొదళ్లలోనుంచి లేస్తుంది.

"తాతా, మనం ఇంకా ఎంతసేపుండాల?"

"తప్పు నాదమ్మా" అన్నారు మాస్టారు. "పన్నెండుకే పోదామన్నాడాయన. నేను వినలేదు. నా సరదాకి నిన్ను ఈడ కూర్చోబెట్టినాను."

కొంచెంసేపు ఆగి, వెనుక బల్లమీది కుర్రవాడి సంగతి కూడా చెప్పారు. ఎవరికీ చెప్పని సంగతి అది. పిల్ల విని, "ఆ అబ్బాయి ఇప్పుడు యాడున్నాడు తాతా?" అంది. మాస్టారికి తెలియదు.

రెండో గాటు బయటపడేసరికి ఆరు దాటింది. మూడోది కనబడటానికి టార్చిలైటు వేయవలసి వచ్చింది. అప్పుడు కూడా అతను వెంటనే దిగలేదు. ఒక కొమ్మను నీళ్లలోకి విసిరి, అది పోయే తీరు చూసి, తాను ఒక్కడే అవతలికి వెళ్లివచ్చి, అప్పుడు పిల్ల చెయ్యి పట్టుకున్నాడు. తరువాత మాస్టారి చెయ్యి. అవతలిగట్టు చేరేదాకా మాస్టారు ఒక్క మాట కూడా ఆడలేదు. అతను చెప్పినచోటల్లా అడుగు పెట్టారు, ఆగమన్నచోటల్లా ఆగారు.

ఊళ్లోకి వచ్చేసరికి శిష్యుడు లాంతరుతో దారిలోనే ఎదురయ్యాడు. అతని వెనుక మరి నలుగురు ఉన్నారు. మాస్టారు అందరిముందూ జరిగింది జరిగినట్టు చెప్పారు. దారి చూపిన మనిషికి ఆ పొగడ్త ఇబ్బందిగా ఉన్నట్టుంది. ఉప్పుమూట విప్పుకుంటూ పక్కకు వెళ్లిపోయాడు.

తిరుగు ప్రయాణంలో హొసపేట దగ్గర బస్సు కిటికీలోంచి తుంగభద్ర జలాశయం కనబడింది. ఎండలో తెల్లగా మెరుస్తోంది. నిద్రపోతున్న పిల్ల లేచి కూర్చుంది.

"తాతా, మీ కర్ర ఈడికి వచ్చుంటుందా?"

"రాదమ్మా. ఆ వాగు సీతలో కలుస్తుంది. కర్ర పడమటి సముద్రానికి పోయింది."

"మరి నా ఆకు?"

మాస్టారు ఆలోచించారు. "దారిలో గాజనూరు దగ్గర ఆనకట్ట ఒకటుంది. అది దాటాల."

"దాటినాదా?"

"నాకు తెల్దమ్మా" అన్నారు మాస్టారు.

పిల్ల కిటికీ వైపు ఇంకొంచెం జరిగి, కనబడినంత మేర నీళ్లను చూస్తూ కూర్చుంది.