చేతిలో చెప్పులు

1999 వేసవిలో మా తాత మొదటిసారి మాదాపూర్ వచ్చారు. నాకు ఉద్యోగం దొరికిన కొత్త. అంతకు ముందు సంవత్సరమే ప్రారంభమైన సైబర్ టవర్స్ చూపిద్దామని ఎంతో గర్వంతో వెంటబెట్టుకొని వెళ్ళాను. బండరాళ్ళ గుట్టల నడుమ ఆ అద్దాల మేడ మెరిసిపోతున్నది. ద్వారం సమీపించగానే తాత వంగి, చెప్పులు విప్పి చేతబట్టుకున్నారు. కావలివాడు నవ్వాడు. నాకు తల కొట్టేసినట్లయింది. "ఇదేమైనా గుడా తాతా, తొడుక్కో" అని కసురుకున్నాను. ఆయన మారు పలుకలేదు.

ఆ రాత్రి భోజనాలయ్యాక చెప్పారు. జనగామ తాలూకాలోని మా ఊరిలో, గడి ముందునుండి చెప్పులతో నడిచే హక్కు దొరకు తప్ప ఎవరికీ లేదట. "బాంచెన్ దొరా" అననిదే మాట మొదలయ్యేది కాదట. అదను చూసి విత్తనం చల్లవలసిన నాడు ముత్తాత దొర పొలంలో వెట్టి చేసేవాడు. తన చెలకకు వచ్చేసరికి పదును ఆరిపోయేది. పండిన కాసిని గింజలలోనూ యుద్ధకాలపు లెవీ కింద కొంత పోయేది.

ఇంటర్మీడియట్‌లో నేను 1905 నాటి రష్యా తిరుగుబాటు కారణాలను వల్లె వేశాను. 1861లో దాస్యం రద్దయినా రైతును వదలని పరిహారపు బాకీలు, జపానుతో యుద్ధం, అర్జీ పట్టుకొని వచ్చిన జనంపై జారు సైనికుల కాల్పులు. తాతకు అవి చెబితే, "వాళ్లకు గూడ వెట్టి ఉండెనా బిడ్డా?" అని అడిగారు.

నిజాం రాజ్యంలో జాగీర్ల కింద సుమారు మూడోవంతు భూమి ఉండేది. నగరం చుట్టూ ఉన్న అత్రాఫ్ బల్దా రాజుగారి సొంత ఖర్చులకు కేటాయించిన సర్ఫేఖాస్. ప్రజలలో దాదాపు సగం మంది తెలుగువారైనా పాలన, ఉన్నత విద్య ఉర్దూలోనే సాగేవి. అయితే ఈ బాధలు తరతరాలవి. జనం 1946లోనే ఎందుకు లేచారు? బాధ ఒక్కటే చాలదని నాకు తోస్తుంది. 1930లో జోగిపేటలో తొలి సభ జరుపుకొన్న ఆంధ్రమహాసభ క్రమంగా పల్లెలకు చేరి 'సంఘం' అయింది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు చేసిన పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు కాజేయబోతే, సంఘం వారు కోసి ఆమె ఇంటికే చేర్చారు. దొరను ఎదిరించినా బతకవచ్చునని ఊరూరా తెలిసిపోయింది. నా దృష్టిలో అసలు కారణం ఆ వడ్ల బస్తాలే.

1946 జూలై 4న కడవెండిలో ఊరేగింపుపై దొర మనుషులు కాల్పులు జరిపారు. దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. ఆ పోరాటం 1948 సెప్టెంబరులో నిజాం పాలన ముగిశాక కూడా, 1951 వరకు సాగింది.

"ఆనాడు ఊరేగింపులో నీవూ ఉన్నావా తాతా?" అని ఆశగా అడిగాను. అప్పటికి ఆయనకు పద్నాలుగేళ్ళు.

చాలాసేపు మాట్లాడలేదు. "మా ఊరోళ్లు చానమంది పోయిండ్రు. నేను పోలే బిడ్డా. భయమైంది" అన్నారు. లేచి వెళ్ళి, గడప అవతల విడిచిన తన చెప్పులను గోడవారగా జరిపి వచ్చి పడుకున్నారు.